ఏడేళ్లు కదలని 1989 మారుతి 800: పదహారేళ్ల అమ్మాయి చేతుల మీదుగా రిపేరు, ట్యూనింగ్

బండి: 1989 మోడల్ మారుతి 800. 1983లో వచ్చిన మొదటి బాడీ కాదు, 1986లో మార్చిన రెండో బాడీ, కంపెనీ కోడ్ ఎస్‌బీ308. ఇంజను ఎఫ్8బీ: 3 సిలిండర్లు, 796 సీసీ, బోరు (సిలిండరు వ్యాసం) 68.5, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 72 మిల్లీమీటర్లు, హెడ్డు (సిలిండర్ల పై భాగం) మీద వాల్వుల్ని తెరిచే క్యామ్, దాన్ని తిప్పే టైమింగ్ బెల్టు. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్, పాయింట్ల ఇగ్నిషన్ (కరెంటుని తెంచుతూ ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాత పద్ధతి), 4 గేర్లు. మీటరు మీద 91 వేల కిలోమీటర్లు. కాకినాడలో సముద్రపు గాలి తగిలే రేకుల షెడ్డులో 2018లో ఆగింది, 2025లో మా షెడ్డుకు తాడు కట్టి తెచ్చారు. బండి తాతగారిది. పని చేసింది ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మనవరాలు. పక్కన ఎప్పుడూ ఒక మెకానిక్ ఉన్నాడు. పద్నాలుగు ఆదివారాలు, రోజుకి మూడు గంటలు.

ఇంట్లోవాళ్లు మొదట అడిగింది పెయింటూ సీటు కవర్లూ. రెండూ చివరికి నెట్టేశాం. మెరిసే బండి స్టార్ట్ కాకపోతే ఆ వయసు పిల్లలకి నెల రోజుల్లో ఆసక్తి పోతుంది. తుప్పు పట్టిన బండి స్టార్ట్ అయితే మాత్రం పొద్దున్నే ఆరింటికి వచ్చి కూర్చుంటారు.

ముందు చట్టం సంగతి. పిల్ల చేత నట్లు తిప్పించవచ్చు, రోడ్డు మీద స్టీరింగు ఇవ్వకూడదు. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద మైనర్ బండి నడిపితే పెద్దవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లకి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఈ కేసులో టెస్ట్ డ్రైవులన్నీ పెద్దవాళ్లవే. అమ్మాయి పక్క సీట్లో నోటుబుక్కుతో కూర్చుంది. నిజానికి ట్యూనింగులో ఎక్కువ పని జరిగింది ఆ సీట్లోనే.

మొదటి రోజు ఆమె చేతికిచ్చింది పానా కాదు, ఫీలర్ గేజు, అంటే సన్నటి సందులు కొలిచే పల్చటి రేకుల కట్ట. తిప్పే ముందు కొలవాలి, కొలిచింది రాయాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. నియమాలంటే ఈ మూడే. విప్పిన బోల్టులకి కోడిగుడ్ల అట్ట ట్రేలు పెట్టాం. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, పక్కన ఫోటో నంబరు.

కదిలించే ముందు

ఏడేళ్లు నిలబడ్డ ఇంజనుకి కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడమే అసలు ప్రమాదం. రింగులు సిలిండరు గోడకి అంటుకుని ఉంటాయి, టైమింగ్ బెల్టు రబ్బరు ఎండి పళ్లు రాలడానికి సిద్ధంగా ఉంటుంది. ప్లగ్గులు మూడూ తీసి ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజనాయిలు పోసి రాత్రంతా వదిలేశాం. మర్నాడు క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) పుల్లీ బోల్టుకి సాకెట్ పెట్టి చేత్తో, ఇంజను మామూలుగా తిరిగే వైపే, నెమ్మదిగా రెండు చుట్లు. ఎక్కడా పట్టలేదు. పట్టి ఉంటే పొడవాటి పైపు వేసి బలవంతం చేయకూడదు, ఇంకో రోజు ఆయిలుకి వదలాలి.

బెల్టు, టెన్షనరు బేరింగు కొత్తవి వేశాకే సెల్ఫ్ కొట్టాం. బెల్టు తెగితే ఈ ఇంజన్లో వాల్వులు పిస్టనుకి తగులుతాయా అన్న చర్చ ప్రతి షెడ్డులోనూ ఉంటుంది. బెల్టు ఖరీదు ఆ చర్చ కంటే తక్కువ. గుర్తులు కలిపి బెల్టు ఎక్కించాక క్రాంకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మొదటిసారి క్యామ్ వైపు ఒక పన్ను తేడా వచ్చింది. అమ్మాయి తనంతట తనే పట్టుకుంది.

పాత ఆయిలు దించి, ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ-40 పోశాం. మూడు లీటర్లకి కాస్త తక్కువే పట్టింది. డబ్బా మొత్తం ఒంపేయకుండా చివరి అర లీటరు డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయాలి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి, ఆయిలు ఎర్ర లైటు ఆరేదాకా తిప్పాం. అప్పటికి బేరింగులకి ఆయిలు అందినట్టు.

రేడియేటర్లో కూలెంటు లేదు, ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లు ఉన్నాయి. అల్యూమినియం హెడ్డుకి బోరు నీళ్లు రెండు రకాల శత్రువు: సున్నం పొర కడతాయి, నీటి దారుల దగ్గర లోహాన్ని తినేస్తాయి. థర్మోస్టాట్ తీసి రెండు వైపులా కడిగి, కొత్త హోసులు వేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటు పోశాం.

పెట్రోలు ట్యాంకు దించేశాం. ఏడేళ్ల పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది, అడుగున బెల్లం పాకంలా పేరుకుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరం, లోపల మిగిలింది ఆవిరి కాబట్టి. అందుకే వెల్డింగు పని మొదలయ్యే ముందే ట్యాంకు షెడ్డు బయటికి వెళ్లింది. రబ్బరు పైపులన్నీ ఈ20 (20 శాతం ఇథనాలు కలిపిన) పెట్రోలుకి పనికొచ్చే రకం వేశాం. పాత రబ్బరు ఇథనాలుకి ఉబ్బి పగులుతుంది. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ లోపలి యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ కూడా కొత్తవే.

తుప్పు

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఈ బండికి తుప్పు పట్టే చోట్లు ముందే తెలుసు: బ్యాటరీ ట్రే కింద, ముందు సస్పెన్షన్ పైకొస బాడీకి బిగించే చోట, కార్పెట్ కింద తడి పీల్చుకునే ఫెల్టు ఉన్న ఫ్లోరు, నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయిన తలుపుల అడుగు అంచులు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి, పెయింటు నమ్మకూడదు. డ్రైవరు కాళ్ల కింద అరచేతంత, బ్యాటరీ ట్రే కింద రూపాయి బిళ్లంత చిల్లు తేలాయి. గట్టి రేకు కనిపించేదాకా కోసి, 20 గేజు సీఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) మిగ్ వెల్డింగుతో, అంటే కరెంటు వెల్డింగుతో వేశారు. గ్యాసు వెల్డింగు వద్దన్నాం, అంత పల్చటి రేకు వేడికి అప్పడంలా వంకర పోతుంది. అమ్మాయి చేసింది కొలతలు, అట్టతో నమూనా కత్తిరించడం, రుద్దడం, ప్రైమరు. గ్రైండరు, వెల్డింగు ఇవ్వలేదు. తుప్పు మీద నేరుగా పుట్టీ పెట్టి పెయింటు కొట్టే పద్ధతి మన దగ్గర మామూలే. రెండు వర్షాకాలాలకి అది పొక్కులు తేలుతుంది.

బ్రేకులు

వెనక వీల్ సిలిండర్లు రెండూ పట్టేశాయి. సీళ్లు మార్చి సరిపెట్టకుండా సిలిండర్లే కొత్తవి వేశాం. లోపల గుంటలు పడ్డ సిలిండరు కొత్త సీలుని నెలలో చీరేస్తుంది. ఫ్లెక్సిబుల్ హోసులు బయటికి బాగానే కనిపించినా లోపల ఉబ్బి ఉంటాయి. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు వదలదు, డ్రమ్ము కాలుతుంది. అవీ కొత్తవే. డ్రమ్ముల్లోని దుమ్ముని గాలి కొట్టి ఊదకూడదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడిచాం. బ్లీడింగు (బ్రేకు పైపుల్లోని గాలి తీసేయడం) అమ్మాయే చేసింది: నిపిల్‌కి తెల్లటి పారదర్శక పైపు, దాని చివర ఫ్లూయిడ్ పోసిన సీసాలో మునిగి, మాస్టరు సిలిండరుకి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలు. బుడగలు ఆగేదాకా. బ్రేకుకి సంబంధించిన ప్రతి నట్టూ మెకానిక్ టార్కు రెంచితో (బిగువు కొలిచే పానాతో) రెండోసారి చూసి తెల్ల పెయింటు గీత పెట్టాడు. గీత లేని నట్టు ఉంటే బండి జాకీ స్టాండ్ల మీద నుంచి దిగదు.

టైర్ల మీద గాట్లు బాగానే ఉన్నాయి కానీ పక్క గోడ మీది నాలుగంకెల తేదీ కోడ్ 2012లో తయారైనట్టు చూపించింది. టైర్లు మార్చాలా వద్దా అన్న చర్చ అక్కడితో అయిపోయింది.

శబ్దం లేని వాల్వు

స్టార్ట్ అయింది. మూడు కాళ్ల మీద కుంటినట్టు నడిచింది. మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి రెండు కాళ్ల మీద అనాలి.

అందరూ కార్బురేటర్ మీద పడతారు. మేం కంప్రెషన్ గేజుతో మొదలుపెట్టించాం. ట్యూనింగుకి ఒక వరస ఉంది: కంప్రెషన్ (సిలిండరు గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో), టాపెట్లు (వాల్వుల గ్యాపు), పాయింట్లు, టైమింగు (నిప్పురవ్వ పడే సమయం), చివరగా కార్బురేటరు. వరస తప్పితే ముందు చేసిందంతా మళ్లీ చేయాలి. ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచి, ఒక్కో సిలిండరుకి ఆరు చుట్లు. యాక్సిలరేటరు తొక్కకపోతే గాలి లోపలికి రాక అన్ని రీడింగులూ తప్పుగా తక్కువ చూపిస్తాయి. వచ్చినవి: ఒకటో సిలిండరు 162, రెండు 158, మూడు 115 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు).

మూడో దాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే 119. రింగులు అరిగి ఉంటే ఆయిలు సందులు మూసి రీడింగు బాగా పెరిగేది. పెరగలేదంటే తేడా బహుశా వాల్వు దగ్గర. హెడ్డు కవరు తీసి, చల్లటి ఇంజను మీద గేజు పెడితే మూడో సిలిండరు ఎగ్జాస్టు (కాలిన గ్యాసు వదిలే) వాల్వుకి 0.05 రేకు కూడా దూరలేదు. ఉండాల్సింది చల్లగా 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్లు.

“కానీ అన్నిట్లోకీ శబ్దం రానిది అదే కదా బాబాయ్?” అంది అమ్మాయి. అవును, అందుకే దాని సంగతి ఎవరికీ తెలియలేదు. టక్ టక్ అనే టాపెట్టుకి గ్యాపు ఎక్కువ. అది చెవికి చేటు గానీ వాల్వుకి అంత కాదు. వాల్వు అరుగుతూ సీటు లోపలికి దిగే కొద్దీ గ్యాపు తగ్గుతుంది, శబ్దం మాయమవుతుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. మండే గ్యాసు ఆ సందులోంచి పోతూ వాల్వు అంచుని కాల్చేస్తుంది. మన దగ్గర మెకానిక్‌ని మెచ్చుకునే మాట “టాపెట్ శబ్దమే లేకుండా చేశాడు” అని. ఆ మెచ్చుకోలు కోసం బిగించిన టాపెట్లు ఎన్ని హెడ్లు దించాయో.

మూడు సిలిండర్లకి టాపెట్ సెట్టింగు పిల్లలకి చక్కటి లెక్క. నాలుగు స్ట్రోకులకి క్రాంకు 720 డిగ్రీలు తిరుగుతుంది, మూడుతో భాగిస్తే 240. పుల్లీ మీద 120 డిగ్రీలకి ఒకటి చొప్పున మూడు సుద్ద గీతలు గీయించాం. ఫైరింగు వరస, అంటే సిలిండర్లు మండే క్రమం, 1-3-2. ఒకటో సిలిండరు కంప్రెషన్ పైకొసకి తెచ్చి దాని రెండు వాల్వులూ సెట్ చేసి, రెండు గీతలు ముందుకి తిప్పితే మూడో సిలిండరు, ఇంకో రెండు గీతలకి రెండో సిలిండరు.

లాకు నట్టు వదులు చేసి, 0.15 రేకు పెట్టి, స్క్రూ తిప్పుతూ రేకుని ముందుకీ వెనక్కీ లాగాలి. చిక్కటి ఆముదంలోంచి లాగినట్టు చిన్న పట్టు తగలాలి. జర్రున జారితే ఎక్కువ, రేకు వంగితే తక్కువ. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది, గ్యాపు 0.02 మారిపోతుంది. కాబట్టి బిగించాక మళ్లీ రేకు పెట్టాలి. మొదటి వాల్వుకి ఆమెకి పదకొండు ప్రయత్నాలు పట్టాయి, ఆరో దానికి రెండు.

తర్వాత కంప్రెషన్: 163, 160, 149. హెడ్డు దించే పని తప్పింది, ఈసారికి.

పాయింట్లు, టైమింగు

పాయింట్ల ముఖాలు ఒకటి గుంత, ఒకటి గుట్ట. కండెన్సరు పోయిందనడానికి అది గుర్తు. రెండూ కలిపే మార్చాలి. గ్యాపు 0.4 నుంచి 0.5 మధ్య, పాయింట్లని తెరిచే ఫైబరు మడమ డిస్ట్రిబ్యూటరు లోపలి క్యామ్ కొన మీద ఉన్నప్పుడు కొలవాలి. మడమకి చిటికెడు గ్రీజు వేయకపోతే అది అరిగి వారంలో గ్యాపు మూసుకుంటుంది. గ్యాపు పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, టైమింగు ముందుకి జరుగుతుంది. అందుకే పాయింట్లు ముందు, టైమింగు లైటు తర్వాత. లైటు పెట్టేటప్పుడు డిస్ట్రిబ్యూటరు వాక్యూం పైపు పీకి మూయాలి. ఫ్లైవీలు మీది గీత గేర్‌బాక్సు పైన రబ్బరు మూత తీస్తే కనిపిస్తుంది. మాన్యువల్లో చెప్పిన డిగ్రీకి పెట్టి, అక్కడే ఆపాలి. పికప్ కోసం ఇంకాస్త ముందుకి జరిపితే ఎండాకాలం ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఇంజను గులకరాళ్ల డబ్బాలా మోగుతుంది.

ప్లగ్గుల గ్యాపు 0.7 నుంచి 0.8. అల్యూమినియం హెడ్డులో ప్లగ్గుని ముందు వేళ్లతోనే నాలుగైదు చుట్లు తిప్పాలి, ఆ తర్వాతే పానా. మధ్యలో ఒకసారి అమ్మాయి ప్లగ్గు వైర్లు 1-2-3 వరసలో పెట్టేసింది, కార్బురేటర్లోంచి ఢాం అని వెనక్కి కొట్టింది. ఫైరింగు ఆర్డరు అప్పటినుంచి మర్చిపోలేదు.

కార్బురేటరు: తప్పు చోట వెతికిన రెండు ఆదివారాలు

ఇంతా అయ్యాక కూడా ఐడ్లింగు (యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను తిరగడం) నిలవలేదు. నిమిషానికి 700 చుట్లకి పడి, 1,100కి లేచి, మళ్లీ పడుతోంది. చోకు సగం లాగితే బాగా నడుస్తోంది. ప్లగ్గులు సుద్దలా తెల్లగా ఉన్నాయి. ఇవన్నీ పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన గుర్తులే.

అనుమానం ఈ20 మీదికి పోయింది, అది పూర్తిగా తప్పుడు అనుమానమూ కాదు. మామూలు పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాలుకి 9 చాలు. 20 శాతం కలిస్తే 13.5 దగ్గరకి వస్తుంది. పాత జెట్టుతో (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రంతో) మిశ్రమం 7, 8 శాతం పల్చబడుతుంది. జెట్టులోంచి పోయే పెట్రోలు రంధ్రం వైశాల్యాన్ని బట్టి, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి. కాబట్టి 7 శాతం పెరగాలంటే వ్యాసం మూడున్నర శాతం పెరిగితే చాలు: 100 నంబరు జెట్టు స్థానంలో 103 దగ్గరిది. లెక్క ఆమెదే, తప్పు లేదు. కానీ మెయిన్ జెట్టు ఐడ్లింగులో దాదాపు పనే చేయదు. దాన్ని మార్చితే 700-1,100 ఊగిసలాట ఎందుకు పోతుంది? ఐడ్లింగులో పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చరు స్క్రూ నాలుగు చుట్లు విప్పినా తేడా లేదు. రెండు చుట్లకి లొంగాల్సిన స్క్రూ నాలుగుకీ లొంగలేదంటే గాలి ఇంకో దారిలో వస్తోంది.

పొల్యూషన్ చెక్ సెంటరుకి తీసుకెళ్తే యంత్రం సూటిగా చెప్పింది: సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.4 శాతం, హెచ్‌సీ (మండని హైడ్రోకార్బన్లు) 1,900 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు). సీఓ తక్కువ చూసి బండి బాగుందనుకోకూడదు. సీఓ తక్కువ, హెచ్‌సీ ఎక్కువ అంటే మిశ్రమం మండలేనంత పల్చగా ఉండి పచ్చి పెట్రోలు బయటికి పోతోంది. రెండూ ఎక్కువైతే అది వేరే జబ్బు. ఈ వయసు బండ్లకి అనుమతించేది సీఓ 3 శాతం, హెచ్‌సీ 1,500. పరీక్షలో ఫెయిలైంది గానీ, అంత తక్కువ ఖర్చుకి ఇంత మంచి డయాగ్నసిస్ ఇంకెక్కడా దొరకదు.

గాలి లీకు వెతకడానికి చాలామంది వేడి ఇంజను మీద పెట్రోలో కార్బ్ క్లీనరో చల్లుతారు. దగ్గర్లో వేడి ఎగ్జాస్టు, పాయింట్ల నిప్పురవ్వ. పిల్ల పక్కన ఉండగా అది అస్సలు వద్దు. ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే సీసా చాలు. ఇంజను ఐడ్లింగులో ఉండగా ఒక్కో అతుకు మీద సన్నగా నీళ్లు కొట్టాలి, డిస్ట్రిబ్యూటరుకి తగలకుండా. నీటి పొర సందుని ఒక క్షణం మూస్తుంది, ఇంజను చప్పుడు మారుతుంది. మానిఫోల్డు (సిలిండర్లకి మిశ్రమం పంచే గొట్టం) అతుకులు: మార్పు లేదు. వాక్యూం పైపులు: లేదు. కార్బురేటరు పాదం దగ్గర, ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు మూల: సుయ్‌మని నీళ్లు లోపలికి పీల్చుకుంది, ఇంజను రెండు సెకన్లు నున్నగా తిరిగింది.

“ఇక్కడే, ఇక్కడే!” అని ఆమె మళ్లీ మళ్లీ కొట్టి చూసింది. ఆరుసార్లు కొడితే ఆరుసార్లూ అదే.

కార్బురేటరుకీ మానిఫోల్డుకీ మధ్య నల్లటి ఇన్సులేటరు బ్లాకు ఉంటుంది, ఇంజను వేడి పైకి ఎక్కి పెట్రోలు మరగకుండా. విప్పి స్టీలు స్కేలు అంచు పెట్టి చూస్తే మధ్యలో 0.25 రేకు సులువుగా దూరింది. ఎప్పుడో ఎవరో మూలల నట్లు శక్తి కొద్దీ బిగించారు. వేడికీ బిగువుకీ అది విల్లులా వంగింది. లీకవుతోందని ఇంకా బిగిస్తే ఇంకా వంగుతుంది. పైగా అతుకుల్లో సిలికాన్ పేస్టు. పెట్రోలు తగిలితే అది ఉబ్బి, దారాలు దారాలుగా ఊడి జెట్టుల్లోకి పోతుంది. ఐడ్లింగు జెట్టులో సరిగ్గా అలాంటి ముక్క ఒకటి దొరికింది. జెట్టులు తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. గాలి కొట్టి ఊదాం.

కొత్త బ్లాకు, రెండు వైపులా కొత్త గ్యాస్కెట్లు. పేస్టు లేదు. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, మణికట్టు బలంతో మాత్రమే. బ్లాకు దొరకనప్పుడు పాతదాన్ని అద్దం మీద 240 ఎమరీ పరిచి ఎనిమిది ఆకారంలో రుద్ది, 400తో ముగించి వాడుకోవచ్చు.

ఇంజను గాలి పీల్చే బలం కొలిచే వాక్యూం గేజు 14 అంగుళాల దగ్గర వణుకుతున్నది 18 దగ్గర నిలబడింది. ఇంజను పూర్తిగా వేడెక్కాక, చోకు పూర్తిగా లోపలికి తోసి, మిక్చరు స్క్రూని గేజు అత్యధికంగా చూపే చోటికి తెచ్చి, ఐడ్లింగు స్క్రూతో 900 దగ్గర పెట్టి, మళ్లీ మిక్చరు. స్క్రూ రెండుంబావు చుట్ల దగ్గర ఆగింది. మళ్లీ అదే సెంటరులో: సీఓ 1.6, హెచ్‌సీ 310.

జెట్టు లెక్క వృథా పోలేదు. రోడ్డు మీద 60 వేగంలో ఇంకా కాస్త లాగలేకపోవడం, ప్లగ్గుల పింగాణీ అడుగున ఇంకా లేత రంగు. అప్పుడు మెయిన్ జెట్టు ఒక్క సైజు, అంటే 2.5 పెంచాం. రెండు సైజులు పెంచి చూద్దామని అమ్మాయి అడిగితే చూడమన్నాం. మూడో గేర్లో నల్లపొగ, మైలేజీ పతనం. ఆమె తనే తీసేసింది. ఫ్రీ ఫ్లో (గ్యాసుకి అడ్డు తక్కువ, చప్పుడు ఎక్కువ ఉండే) సైలెన్సరు అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, అయినా 40 హార్స్ పవర్ దగ్గర పెరిగేది చప్పుడే.

ఇప్పటి స్థితి

రిజిస్ట్రేషన్ 2019లో ముగిసింది. రెన్యువల్ దరఖాస్తు ఫారం 25, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, బండి తనిఖీ అయ్యాక ఐదేళ్లకి రెన్యువల్ వచ్చింది. పెయింటు ఆ తర్వాతే మొదలైంది, పాత రంగులోనే.

వెయ్యి కిలోమీటర్లకి టాపెట్లు మళ్లీ కొలిచింది. ఐదు వాల్వులు 0.15 దగ్గరే ఉన్నాయి. మూడో సిలిండరు ఎగ్జాస్టు 0.13కి వచ్చింది. మళ్లీ 0.15 చేసి తేదీ, మీటరు రీడింగు రాసి పెట్టింది. ఇంకో రెండు వేల కిలోమీటర్లకి అదే తగ్గుదల కనిపిస్తే ఆ వాల్వూ సీటూ అయిపోయినట్టే. హెడ్డు దించి సీటు కటింగు చేయించి కొత్త వాల్వు వేయాలి. హెడ్డు గ్యాస్కెట్టు, వాల్వు సీళ్లు కొని బీరువాలో పెట్టారు.